గడప దాటని కిర్రు చెప్పులు

కుందుర్పి,
9 జూన్ 2025.

చిరంజీవి కల్పనకు,

మీ అవ్వ లక్ష్మీనరసమ్మ దీవెనలతోనూ, వాటికి తోడు కొంత కోపంతోనూ రాస్తున్న ఉత్తరం.

ఈరోజే ఎందుకు రాస్తున్నానంటే, శుక్రవారం సాయంత్రం నీ సీరియల్ చూసి, శని ఆదివారాల్లో కోపం తగ్గుతుందేమోనని ఆగాను. తగ్గలేదు. అందుకే సోమవారం పొద్దున్నే కాగితం తీశాను. ఫోన్ చేయవచ్చు కదా అన్నాడు మీ నాయన. నేను గట్టిగా మాట్లాడిన వెంటనే ఫోన్‌లో నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు.

‘తొమ్మిదో గడప’ అనే ఆ దయ్యాల సీరియల్లో చప్పుళ్లు చేర్చడం, ముక్కలు కోసి అతికించడం నీ పని అనీ, నీ పేరు పెద్ద అక్షరాలతోనే వేస్తున్నారనీ ఊరంతా చెప్పుకున్నాను. చెప్పుకోవడం తొందరపాటు అయింది.

శుక్రవారం ఏం చూపించావు? కొత్త కోడలు ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. దీపం ఊగుతుంది. బయట కిర్రు, కిర్రు అని చెప్పుల చప్పుడు దగ్గరవుతుంది. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేస్తుంది. చప్పుడు గడప దాకా వస్తుంది. వెంటనే సబ్బు ప్రకటన. వారం మొత్తం ఇదే.

ఆ చప్పుడు ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఉగాదికి వచ్చి, అటక మీద నుంచి మీ తాత కిర్రు చెప్పులు దింపి, “జ్ఞాపకంగా ఉంచుకుంటానవ్వా” అంటే ఇచ్చాను. కణేకల్‌లో కుట్టించుకున్న చెప్పులు అవి. తోలు పొరల మధ్య ఏం పెట్టి కుట్టేవారో గానీ, మనిషి వీధి మలుపులో ఉండగానే ఇంట్లో తెలిసేది. ఆయన పోయాక కూడా ఏటా ఆముదం పూసి కాపాడాను. జ్ఞాపకం అంటే గాజు బీరువాలో పెడతావనుకున్నాను. దయ్యానికి తొడుగుతావనుకోలేదు.

చెప్పులతో ఆగలేదు. మన ఇంటి చప్పుళ్లలో నువ్వు ఎత్తుకుపోయినవి వరసగా రాసి పెట్టుకున్నాను. బావి గిలక, పెరటి తలుపు, అటక నిచ్చెన, రోకలి. రోకలి దొర్లే చప్పుడును శవం దొర్లే చప్పుడుగా వాడావు. నీకు సంచి నిండా కారప్పొడి కొట్టి పంపింది ఆ రోకలితోనే.

ఫలితం విను. మారెక్క దీపాలు పెట్టే వేళకు గిన్నెలు కడగడానికి రానంటోంది. “పెద్దాయప్ప ఈడనే తిరగతాండాడమ్మా. నేను తెల్లారినాంక వస్తా” అంటోంది. పాల కుళ్లాయప్ప గేటు దగ్గరే చెంబు పెట్టి, అక్కడి నుంచే కేకేసి పోతున్నాడు. మీ తాత బతికుండగా ఊళ్లో ఒక్కరిని భయపెట్టినవాడు కాదు. ఈ చెప్పుల విషయం వెంటనే సరిచెయ్యి.

ఇట్లు,
మీ అవ్వ.

తా.క. మొదటిసారి టీవీలో ఆ చప్పుడు వినగానే మీ నాయన మంచం మీద నుంచి కాళ్లు దించి, బీడీ ఆర్పేసి, లేచి నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ల మనిషి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇంకో తా.క. వాన లేదు. చెట్లన్నీ మాడిపోయాయి. వాకిట్లో నందివర్ధనం మాత్రం విరగబూస్తోంది. ఎందుకో మీ నాయనకు అంతు చిక్కడం లేదు.


హైదరాబాద్,
16 జూన్ 2025.

అవ్వకు,

కాళ్లకు దండం పెట్టి, చెంపలు కూడా వేసుకుని కల్పన రాస్తున్నది.

నీ ఉత్తరం ఆఫీసుకు చేరింది. కథ బయటికి పొక్కుతుందని మా ఎడిటింగ్ గదిలోకి ఫోన్లు తేనివ్వరు. ఉత్తరాన్ని ఆపాలని మాత్రం ఎవరికీ తోచలేదు, ఇక్కడికి ఉత్తరం రావడం ఇదే మొదలట. మా దర్శకుడు లక్ష్మీపతి గారు కవరును అటూ ఇటూ తిప్పి చూసి, కోర్టు నోటీసేమో అని కంగారుపడ్డారు. చదివాక నాకు నోటీసే నయమనిపించింది.

అవ్వా, నీకొక సంగతి చెప్పలేదు. నేను సొంతంగా చేస్తున్న మొదటి సీరియల్ ఇది. ఇన్నాళ్లూ వేరేవాళ్ల చేతికింద ఉన్నాను. ఆఖరి భాగం దాకా జనాన్ని కూర్చోబెట్టగలిగితే నన్ను ఎడిటర్‌గా ఉంచుతారు. లేకపోతే మళ్లీ ఎవరి వెనకాలో కూర్చుని వైర్లు చుట్టుకోవాలి. చెప్పుల మీద అంత ఆశ ఎందుకు పెట్టుకున్నానో అందుకే చెబుతున్నాను.

భయం బొమ్మలో ఉండదవ్వా, చెవిలో ఉంటుంది. ముందు గదిలో రోజూ ఉండే చప్పుళ్లను ఒక్కొక్కటే తీసేస్తాను. ఫ్యాను తీసేస్తాను. కీచురాళ్లను తీసేస్తాను. దూరంగా మొరిగే కుక్కను తీసేస్తాను. ఏం పోయిందో చూసేవాళ్లకు తెలియదు, గుండె మాత్రం బిగుసుకుంటుంది. అప్పుడు ఒక్క కిర్రు వేస్తాను. కాళ్లు చూపించను. వింటున్న పిల్ల మొహం చూపిస్తాను, చాలు అనిపించాక కూడా ఇంకొంచెం చూపిస్తాను. ఇక తలుపు తెరుచుకుంటుంది అనుకున్న చోటికి రెప్పపాటు ముందు కోసేస్తాను. ఢామ్మని చప్పుడు పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. అది భయం కాదు, ఉలికిపాటు. రావాల్సింది రాకపోవడమే భయం.

మన ఊరి తాతలందరి చెప్పుల్లోకీ మా తాత చెప్పులే బాగా పలికేవి. అందుకే వాటిని తెచ్చుకున్నాను. కానీ నువ్వన్నది నిజమే, తాతను దయ్యం చేయడం తప్పు. లక్ష్మీపతి గారిని బతిమాలి ఒప్పించాను. “బాగా పలుకుతున్నదాన్ని తీసేయమంటావేంటమ్మా” అని ఆయన తల పట్టుకున్నారు. వచ్చే వారం నుంచి కిర్రు చెప్పులు ఉండవు. వాటి బదులు కాలి గజ్జెల చప్పుడు వేస్తున్నాం. ఇక మారెక్కను నిశ్చింతగా గిన్నెలు కడగమను.

నీ మాట జవదాటని,
కల్పన.

తా.క. సీరియల్లో తోటమాలి మెడ విరిగినప్పుడు వచ్చిన చప్పుడు మన చేలో శనక్కాయలది. నువ్వు పంపిన సంచిలోవే, గుప్పిట్లో పెట్టి నలిపాను. బురదలోంచి చెయ్యి పైకి వచ్చే చప్పుడుకు రాగి సంగటి గెలికాం. పని అయ్యాక ఆ సంగటి తినేశాం. లక్ష్మీపతి గారు గుంటూరాయన, ఎప్పుడూ తినలేదట. రెండో ముద్ద అడిగారు.


కుందుర్పి,
30 జూన్ 2025.

చిరంజీవి కల్పనకు,

ఈసారి దీవెనలు ఉత్తరం చివర్లో, అప్పటికి మిగిలితే.

నేను సరిచెయ్యమన్నాను. తీసెయ్యమనలేదు. పిల్ల లెక్క తప్పు చేస్తే లెక్క దిద్దమంటాం, పిల్లను బడి నుంచి పంపెయ్యమనం. ముప్పైయేళ్లు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పిన దాని మనవరాలివి, ఈపాటి తేడా తెలియదా.

పైగా గజ్జెలు. ఇన్నేళ్ల మా కాపురంలో మీ తాత వెంట ఏనాడూ గజ్జెల చప్పుడు మా గడప దాకా రాలేదు. నీ పుణ్యమా అని ఇప్పుడు వచ్చింది. మారెక్క గిన్నెలు వదిలేసి వచ్చి టీవీ ముందు కూర్చుంది.

“ఎవురమ్మా ఆయమ్మ? పెద్దాయప్పకు ఈ వయసులో ఇదేం బుద్ధి?”

ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఆయనకు ఇప్పుడు ఏ వయసూ లేదన్నాను.

“అదే కదమ్మా, అడిగేవాళ్లు లేరని” అంది.

కుళ్లాయప్పకు చెప్పులంటే ఉన్న భయం గజ్జెలంటే లేదట. పాలు ఇంట్లోకే తెచ్చి, సీరియల్ అయ్యేదాకా నిలబడుతున్నాడు. వాళ్లావిడ గేటు దగ్గర కాపు కాస్తోంది.

భయం గురించి నువ్వు రాసిన పాఠం రెండుసార్లు చదివాను. చక్కగా రాశావు. కానీ అందులో కొత్త సంగతి ఏదీ లేదు. నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ, వెనక్కి తిరగకుండా సుద్దముక్క ఆపితే చాలు, నా తరగతి మొత్తం ఊపిరి బిగబట్టేది. మీ తాత నాకంటే బాగా చేసేవాడు, తాను చేస్తున్నట్టు ఆయనకే తెలియకుండా.

ఇదే నెలలో, చేను చూసుకుని సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. మొదట వీధి మలుపులో సన్నగా వినిపించేది. మీ నాయన గోలీలు జేబులో వేసుకుని పుస్తకం తెరిచేవాడు, చాలాసార్లు తలకిందులుగా. నేను చేస్తున్న పని ఆపేదాన్ని. చప్పుడు పెద్దదవుతూ గేటు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయేది. ఆయన గేటు మీద చెయ్యి వేసి పడమటి ఆకాశం చూసేవాడు. మబ్బుందా, లేదా. విత్తనం వెయ్యాలా, ఇంకా ఆగాలా. ఇంట్లో ఒక్కరం కదిలేవాళ్లం కాదు. చప్పుడు వెంటనే మొదలైతే మబ్బు ఉన్నట్టు. ఎంతకీ మొదలు కాకపోతే లేనట్టు. ఆ ఏడు పిల్లలకు కొత్త బట్టలు ఉన్నాయో లేవో మాకు ఆ గేటు దగ్గరే తెలిసిపోయేది.

తర్వాత లోపలికి వచ్చేవాడు. “ఏమ్మే, యాడుండావు?” అనేవాడు. నేను ఆయన ఎదురుగానే నీళ్లతో ఉండేదాన్ని. అయినా అడిగేవాడు.

నువ్వు నడిపించిన కుర్రవాడు ఎవరో గానీ, బస్సు తప్పిపోతున్నట్టు నడుస్తున్నాడు. గేటు దగ్గర ఆగడం లేదు. మీ తాత జీవితంలో ఏ బస్సు కోసమూ తొందరపడలేదు, బస్సులే ఆగేవి. కాబట్టి గజ్జెల మనిషిని పంపించు. చెప్పుల మనిషిని పిలువు. నడక దిద్దు.

దీవెనలు కొన్ని మిగిలాయి. తీసుకో.

మీ అవ్వ.

తా.క. సంగటిలో మైకు పెట్టే ముందు మైకు కడిగారా?

ఇంకో తా.క. ఇంకా వాన పడలేదు. మీ నాయన కూడా గేటు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. వాడివి రబ్బరు చెప్పులు. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపు నిలబడ్డాడో ఇంట్లోవాళ్లకు తెలియడం లేదు.


హైదరాబాద్,
14 జూలై 2025.

అవ్వకు,

ఈసారి చెంపలు వేసుకోకుండా, ఒట్టి దండాలతో కల్పన రాస్తున్నది.

గజ్జెలు పోయాయి. చెప్పులు తిరిగి వచ్చాయి. నీ ఉత్తరం రాకపోయినా తేవాల్సి వచ్చేది. గజ్జెల వారంలో చూసేవాళ్లు బాగా తగ్గిపోయారు. జనానికి గజ్జెల దయ్యాలు అలవాటైపోయాయట, వాటిని వింటూ అన్నం కలుపుకుంటున్నారట. చెప్పులు మళ్లీ వేద్దామని చెప్పగానే లక్ష్మీపతి గారు, “మీ అవ్వగారు ఒప్పుకున్నారా? రాతపూర్వకంగా ఉందా?” అని అడిగారు. నీ ఉత్తరం చూపించాను. మైకు కడగడం గురించి ఉన్నదాకా చదివి, లోపలికి వెళ్లిపోయారు.

నువ్వు తిట్టిన కుర్రవాడు వేరే ఎవరో కాదవ్వా, నేనే. నా కాళ్లకు ఆ చెప్పులు పెద్దవి. ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని, స్టూడియోలో చెక్క బల్ల మీద మన ఎర్రమట్టి పరిచి దాని మీద నడిచాను. ఉగాదికి వచ్చినప్పుడు ఆ మట్టి సంచిలో తెచ్చుకున్నాను. నాయన సంచి ఎత్తి చూసి, “ఏం మోస్తాండావే ఇంత బరువు?” అంటే గోంగూర అన్నాను.

ఈసారి నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని నడిచాను. తొందర తీసేశాను. గేటు ఉండాల్సిన చోట ఆగి, తల ఎత్తి పైకి చూశాను. పైన ట్యూబులైటు తప్ప ఏమీ లేదు. అయినా చూశాను. అద్దం అవతల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న లక్ష్మీపతి గారు కూడా పైకి చూశారు. బయటికి వచ్చాక, “మనం ఎందుకమ్మా పైకి చూశాం?” అన్నారు. వాన కోసమండీ అన్నాను.

ఆ ఆగడం ప్రసారమైన రోజు మా హాస్టల్ అమ్మాయిలు దుప్పట్లు కప్పుకుని టీవీ చూశారు. చెప్పుల చప్పుడు వస్తున్నంతసేపూ ధైర్యంగానే ఉన్నారు. ఆగినప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అవ్వా, నీ గేటు బాగా పనిచేసింది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చి పడింది. ఆగస్టు మొదటి వారంలో ఆఖరి భాగం. తలుపు తెరవాలి. “ఏముందమ్మా తలుపు వెనకాల?” అని లక్ష్మీపతి గారు రోజూ అడుగుతున్నారు. కథ రాసినాయన ఆ సంగతి ఎడిటింగ్‌లో చూసుకుందామని ముందే తప్పుకున్నాడు. జుట్టు విరబోసుకున్న ఆవిడను పెట్టి చూశాం. పొగ పెట్టి చూశాం. కోరలు పెట్టి చూశాం, కోరలు ఊడి నటుడి టీలో పడ్డాయి. ఇన్ని వారాలు వినిపించినదానికి ఏం చూపించినా తక్కువే అవుతోంది. తలుపు తెరవగానే జనం నవ్వితే నేను మళ్లీ వైర్ల దగ్గరికే.

అందుకని ఒక దారి ఆలోచించాను. తలుపు తెరవనే వద్దు. చప్పుడు గడప దాకా వస్తుంది, నల్ల తెర, సమాప్తం. ఇక ఆ సీరియల్ అయిపోతుంది, తాతను దయ్యంగా ఎవరూ చూడరు. నీకూ ఊరటే. ఒప్పుకుంటావు కదా?

ప్రేమతో,
కల్పన.

తా.క. గజ్జెల వారంలో ఛానల్‌కు ఒక కార్డు వచ్చింది. “మా అమ్మకు అన్యాయం జరగతాండాది. ఆ గజ్జెలామెను తరిమేయండి. పెద్దాయప్ప అట్లాటోడు కాదు” అని ఎవరో పిల్ల చేతిరాతతో ఉంది. సంతకం లేదు, వేలిముద్ర ఉంది. కుందుర్పి పోస్టు ముద్ర. నువ్వు మాత్రం మారెక్కను ఏమీ అడగకు.


కుందుర్పి,
21 జూలై 2025.

చిరంజీవి కల్పనకు,

దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను. తర్వాత రాయడం కుదురుతుందో లేదో.

నేను ఒప్పుకోను.

మొదటి ఉత్తరంలో నా కోపం దేనికో నీకు తెలియలేదు. అది నీ తప్పు కాదు. కోపంగా రాయడం నాకు అలవాటు, మిగతావి రాయడం అలవాటు లేదు.

మీ తాత ఆఖరిసారి ఇంటికి వచ్చింది ట్రాక్టరులో. చేలో పడిపోయాడని నలుగురు పడుకోబెట్టి తెచ్చారు. చెప్పులు తర్వాత ఎవరో తెచ్చి అరుగు మీద పెట్టారు. ఆ గడపను ఆయన చప్పుడు లేకుండా దాటింది ఆ ఒక్కసారే. గేటు దగ్గర ఆగలేదు. నేను నీళ్లతో ఎదురు రాలేదు. పెరట్లో ఉన్నాను. వచ్చినట్టు నాకు తెలియలేదు.

నీ సీరియల్ మొదలైన సాయంత్రం టీవీలో ఆ చప్పుడు వినగానే నా కాళ్లు వాటంతటవే వంటింట్లోకి పోయాయి. చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. చప్పుడు దగ్గరైంది. గడప దాకా వచ్చింది. నువ్వు సబ్బు ప్రకటన వేశావు.

ఆనాటి నుంచి రోజూ ఇదే. గజ్జెల వారం ఒక్కటి మినహాయింపు. ఆ వారం చెంబు ముట్టుకోలేదు. నేను భయంతో లేస్తున్నానని మారెక్క అనుకుంటోంది, అనుకోనీ. తెచ్చిన నీళ్లు వృథా చెయ్యడం నాకు చేతకాదు కాబట్టి నందివర్ధనానికి పోస్తున్నాను. వాన లేకుండా అది ఎందుకు పూస్తోందో మీ నాయనకు నువ్వే చెప్పు. నేను చెప్పలేను.

రావాల్సింది రాకపోవడమే భయమని రాశావు. నిజమే. దాన్ని మేము ఈ ఊళ్లో ఏటా పడమటి వైపు చూసి నేర్చుకున్నాం. కానీ రావాల్సింది వస్తే మనిషికి ఏమవుతుందో నీ సీరియల్ ఇంతవరకూ చూపించలేదు. ఆయన్ను రోజూ గడప దాకా తెచ్చి వెనక్కి పంపుతున్నావు. నా కోపం దయ్యాన్ని చేసినందుకు కాదు. లోపలికి రానివ్వనందుకు.

నడిచింది నువ్వని ఇప్పుడు తెలిసింది. దిద్దిన నడకను ప్రతిరోజూ విన్నాను. కుడి చెప్పు కిర్రుమన్నాక ఎడమది కొంచెం ఆలస్యంగా, బొంగురుగా పలుకుతోంది. ఆ సంగతి నేను ఉత్తరంలో రాయలేదు, వెనక్కి తీసి చూసుకో. అది చెప్పుల గుణమని ఇన్నేళ్లూ అనుకున్నాను. చెప్పులది కాదు, కాలిది. మీ తాత ఎడమ కాలు కాస్త ఈడ్చేవాడు. చిన్నప్పుడు నువ్వు ఆయన వెనకాలే చేను దాకా, ఆయన అడుగుల్లో అడుగు వేసుకుంటూ పోయేదానివి. “చూడే, ఇది నా మాదిరే నడస్తాండాది” అని ఆయన నవ్వేవాడు. నేను నమ్మలేదు.

ఆఖరి భాగంలో జరగవలసినవి తాజా కలంలో రాస్తున్నాను. లక్ష్మీపతి గారికి రాతపూర్వకంగా కావాలన్నావు కదా, ఇదే ఆ రాత. చదివి వినిపించు.

నీ కోసం, నీ వెనక వచ్చే చప్పుడు కోసం చూస్తూ,
మీ అవ్వ.

తా.క.

1. తలుపు పూర్తిగా తెరవాలి. సబ్బు అమ్ముకోవాలనుకుంటే ఆయన గేటు దగ్గర ఆగినప్పుడు అమ్ముకోండి. ఆయనకు ఓపిక ఉంది.

2. పొగ వద్దు, మీ తాతకు పడదు. కోరలు అసలే వద్దు.

3. మనిషిని చూపించనక్కర లేదు. చెప్పులు విడిచే చప్పుడు చాలు. ముందు కుడిది, కాస్త ఆగి ఎడమది. తర్వాత నువ్వు తీసేసిన చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే తిరిగి ఇచ్చెయ్యి. ఫ్యాను, కీచురాళ్లు, దూరంగా కుక్క.

4. ఆ కోడలు పిల్ల కేక వెయ్యకూడదు. అడగకుండానే నీళ్లు ఇవ్వాలి. ఆ చెంబు చప్పుడు మన ఇత్తడి చెంబుదే కావాలి. చెంబును పోస్టులో పంపను.

5. ఇందులో భయం లేదని లక్ష్మీపతి గారు అంటే, ఒక్క సాయంత్రం మా గుమ్మం దగ్గర ఆ చెంబు పట్టుకుని నిలబడమను. తర్వాత సంగటి పెడతాను, మైకు ముట్టనిది.

6. చెంబు చప్పుడు పట్టుకోవడానికి నువ్వే రావాలి. మారెక్కకు ముందుగా చెప్పను, ఆ ఒక్క సరదా నాకు ఉండనీ. వీధి మలుపులో ఆ చెప్పులు వేసుకో. గేటు దగ్గర ఆగు. పడమటి వైపు చూడు. మబ్బు ఉన్నా లేకపోయినా లోపలికి రా. మధ్యలో కట్ చెయ్యకూడదు.